అధూమపాయి అప్పలసూరి

అప్పలసూరి పుట్టి బుద్ధెరిగాక సిగరెట్టు ముట్టలేదు. బీడీ వాసన తగిలితే బస్సులో కూర్చున్న సీటు కూడా వదులుకుని వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. పెళ్ళిభోజనాల్లో చుట్ట కాల్చే పెద్దనాన్న పక్కన ఆకు వేస్తే, ఆకలి దంచేస్తున్నా రెండో బంతిదాకా ఆగేవాడు. ఈ సంగతి శ్రీకాకుళంలో అతన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. తెలియనిది అతను పనిచేసే ఆఫీసుకొక్కదానికే.

ఆ ఆఫీసు పేరు తాటి ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి, ప్రాంతీయ కార్యాలయం. తాటిబెల్లాన్నీ తాటిచాపల్నీ తాటాకు బుట్టల్నీ ప్రోత్సహించడం దాని పని. ఎవరెంత ప్రోత్సహించినా తాటిచెట్టు తన ఇష్టం వచ్చినప్పుడే పెరుగుతుంది కనక ఉద్యోగులకి తీరిక బాగానే ఉండేది. తీరిగ్గా ఉన్న ఆఫీసులోకి కొత్త ఆలోచన వచ్చి పడితే ఏమవుతుందో, పాపం, అప్పలసూరికి ముందు తెలియదు. తెలిస్తే ఆ నెల సెలవు పెట్టేసేవాడు.

అతనికి ఆ నెల సెలవు పెట్టవలసిన కారణం ఇంకొకటి ఉంది. పెళ్ళిచూపులు.

ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ అతని నాలుకవల్లే చెడ్డాయి. అంటే దురుసుగా మాట్లాడతాడని కాదు. మాట నెమ్మదే. కానీ నాలుక మీద ఏదైనా పడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోతాయి, తెలిసింది చెప్పకుండా ఉండలేడు. పెళ్ళికూతురు చేసిందని ఉప్మా పెడితే, "రవ్వ వేయించింది నిన్న కదండీ" అంటాడు. ఇక ఆ సంబంధం కుదిరినట్టే.

పుణ్యవతి వాళ్ళింట్లో భోజనమే పెట్టారు. పుణ్యవతి హైస్కూల్లో సైన్సు టీచరు. తండ్రి లేడు. తల్లి తవిటమ్మ, మేనమామ పోలినాయుడు పెద్దరికం చేస్తున్నారు. వంకాయ, ఎండురొయ్యల కూర వడ్డించారు. అప్పలసూరి మొదటి ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతని వెంట వచ్చిన బావగారు తన ముద్ద వదిలేసి అతనివైపు తిరిగాడు.

"రొయ్యలు వేపినప్పుడు మూకుడు ఓ పక్కన మాడింది కదండీ" అన్నాడు అప్పలసూరి. "మాడినా పారెయ్యకుండా చివర్లో చిన్న బెల్లమ్ముక్క వేసి కప్పేశారు. అది మామూలు బెల్లం కాదు, తాటిబెల్లం. భలే ఉంది."

బావగారు టేబులు కింద అతని కాలు తొక్కాడు. తవిటమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న పుణ్యవతి తలెత్తి అతన్ని పరీక్షగా చూసింది.

"అవునండి. మాడింది" అంది. "ఇంట్లో ఎవరికీ తెలీదనుకున్నాను."

తరవాత వాళ్ళిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టారు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. "మా నాన్నగారు చుట్టలు తాగేవారు. జబ్బు తరవాత వచ్చింది, నాలుక ముందు పోయింది. ఆఖర్లో ఉప్పు వేసినా వెయ్యకపోయినా ఆయనకి తెలిసేది కాదు. మా అమ్మ ఎన్ని వండినా ఆయనకి ఒకటే. ఎలా ఉందని అడగడం మానేసిందండి. అది నేను చూశాను. మీకు ఇంకే అలవాటున్నా పరవాలేదు గాని, పొగ మాత్రం వద్దు."

"నాకా అలవాటే లేదండి" అన్నాడు అప్పలసూరి, జీవితంలో మొదటిసారి ఒక అలవాటు లేనందుకు గర్వపడుతూ.

అప్పటికే అతని మనసు ఆ వరండాలో ఉండిపోయింది. శ్రావణంలో ముహూర్తం అనుకున్నారు. వెళ్ళేటప్పుడు పోలినాయుడు మాత్రం, "తప్పుగా అనుకోవద్దు బాబూ, ఆచారం కనక ఓసారి మీ ఆఫీసులో వాకబు చేసుకుంటాను" అన్నాడు. నిక్షేపంగా చేసుకోండన్నాడు అప్పలసూరి.

సరిగ్గా ఆ వారమే ప్రాంతీయాధికారి కరుణాకర ప్రసాద్ గారు రాజధానిలో ఒక సదస్సుకి వెళ్ళి వచ్చారు. సదస్సు పొగాకు గురించి. తాటాకు మండలికీ పొగాకుకీ ఏం సంబంధమని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. రెండూ ఆకులే. ఆహ్వానం వచ్చింది, హోటలు బాగుంది, ఆయన వెళ్ళారు. అక్కడ ఎవరో డాక్టరుగారు తెర మీద ఒక బొమ్మ వేసి, పొగతాగేవాళ్ళు సామాన్యంగా పళ్ళూ కూరగాయలూ తక్కువ తింటారనీ, ఉప్పూ కారం వేపుళ్ళూ ఎక్కువ తింటారనీ, పొద్దున టిఫిను ఎగ్గొడతారనీ చెప్పారట. ఆ తరవాత ఆ డాక్టరుగారు ఇంకా చాలా చెప్పారు గాని, ప్రసాద్ గారు అప్పటికే కాఫీకి లేచారు.

తిరిగొచ్చిన మర్నాడే ఉద్యోగులందర్నీ సమావేశపరిచారు.

"ప్రధాన కార్యాలయంవారు మన కార్యాలయంలో ధూమపాయులెందరు, అధూమపాయులెందరు అని వివరాలు కోరియున్నారు" అన్నారు. "నేను మౌఖికంగా విచారించగా అందరూ అధూమపాయులమనే సమాధానమిచ్చియున్నారు. ఇది నమ్మశక్యము కాని విషయము. మెట్ల కింద పీకలు ఎవరివి?"

రికార్డు గుమాస్తా సన్యాసిరావు, వేళ్ళు పసుపుపచ్చగా ఉన్న చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు.

"పొగని దాచవచ్చును. ఆహారాన్ని దాచలేము" అన్నారు ప్రసాద్ గారు. "పొగతాగేవాడు కారం ఎక్కువ తింటాడు, పళ్ళు తక్కువ తింటాడు, టిఫిను మానేస్తాడు. ఇది శాస్త్రము. కావున కారం ఎక్కువ తిని, పళ్ళు తక్కువ తిని, టిఫిను మానేసేవాడు పొగతాగుతాడు. ఇదియూ శాస్త్రమే. వెనకనుంచి చదివాము, అంతే."

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలసూరి కూడా కొట్టాడు. తన గురించే చెబుతున్నారని అప్పుడు తోచలేదు.

క్యాంటీనులో ఆహార పరిశీలనా ఉపసంఘం కూర్చుంది. అధ్యక్షులు ప్రసాద్ గారు, కార్యదర్శి సన్యాసిరావు. ఎవరేం తింటున్నారో, ఎంత ఇష్టంగా తింటున్నారో రాసుకున్నారు. అప్పలసూరి ఒంటరివాడు. పొద్దున్నే బస్సు అందుకునే హడావిడిలో టిఫిను చెయ్యడు. మధ్యాహ్నం క్యారేజీలోంచి పప్పన్నమూ, దానిమీద నూనె తేలుతున్న ఆవకాయా, నంచుకోడానికి ఊరమిరపకాయలూ తీశాడు. సాయంత్రం మిరపకాయ బజ్జీలతో టీ తాగాడు. అరటిపండు ఇస్తే, పండబెట్టిన తీరు బాగాలేదని పక్కన పెట్టాడు.

వారం తిరక్కుండా మెడలో వేసుకునే కార్డులొచ్చాయి. అప్పలసూరికి ఎర్రది. దానిమీద, "జామి అప్పలసూరి, సీనియర్ అసిస్టెంటు, ధూమపాయి, తీవ్ర శ్రేణి" అని అచ్చువేసి ఉంది. సన్యాసిరావుది పచ్చది. అధూమపాయి.

అప్పలసూరి పరుగున ప్రసాద్ గారి గదికి వెళ్ళాడు. గదిలో అగరొత్తులు గుప్పున మండుతున్నాయి. వాటి వెనక ఇంకో వాసన ఉందని అతని ముక్కుకి తెలిసింది గాని, ఆ సమయంలో దాని సంగతి ఎందుకు.

"సార్, నేను జన్మలో సిగరెట్టు ముట్టలేదు. కావాలంటే నా నోరు వాసన చూడండి."

"వాసన వ్యక్తిగతాభిప్రాయము. ఒకరికి వచ్చును, ఒకరికి రాకపోవచ్చును" అన్నారు ప్రసాద్ గారు. "ఆవకాయ ప్రత్యక్ష సాక్ష్యము."

"మరి సన్యాసిరావు కట్టలు కట్టలు కాలుస్తాడు కదండీ."

"అది ఆరోపణ. ఆయన ఉప్పులేని బీరకాయ రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. అది ఆధారము. చూడండి అప్పలసూరి గారూ, మీరు తాగుతున్న సంగతి మీకు తెలియకపోవచ్చును. చాలామంది ధూమపాయులు ఒప్పుకోరని సదస్సులో చెప్పియున్నారు. మీరు ఒప్పుకోవడం లేదు. అది కూడా లక్షణమే."

అప్పలసూరి నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ధూమపాయులు ఆఫీసులోపల కాల్చకుండా ఉండాలని పెరట్లో రేకుల షెడ్డు ఒకటి వేయించి, దానికి ధూమవిరామ మండపమని బోర్డు పెట్టారు. పదకొండు గంటలకి గంట కొడతారు. ఎర్రకార్డువాళ్ళు విధిగా వెళ్ళి అక్కడ ఒక పావుగంట నిలబడాలి. పచ్చకార్డువాళ్ళు అటువైపు వెళ్ళకూడదు. తాగేవాళ్ళందరికీ పచ్చకార్డులొచ్చాయి కనక వాళ్ళు ఎప్పట్లాగే మెట్ల కింద కాల్చుకున్నారు. మండపంలోకి వెళ్ళేవాడు అప్పలసూరి ఒక్కడే. రోజూ పదకొండింటికి ఎండకి కాలిన రేకుల కింద, చేతిలో ఏమీ లేకుండా, తూనీగల్ని చూస్తూ నిలబడి వచ్చేవాడు. ఓ రోజు ఫైలు తొందరలో వెళ్ళడం మరిచిపోతే, ధూమపాన విధినిర్వహణలో అలసత్వమని మెమో ఇచ్చారు.

సరిగ్గా ఆ మండపంలో నిలబడి ఉన్నప్పుడే పోలినాయుడు వాకబుకి వచ్చాడు. ఎర్రకార్డు చూశాడు. బోర్డు చూశాడు. నోటీసు బోర్డు మీద అచ్చువేసిన జాబితా కూడా చూశాడు.

"ఏటి బాబూ ఇది" అన్నాడు.

"అది ఆవకాయ వల్ల వచ్చిందండి" అన్నాడు అప్పలసూరి.

ఎవరు మాత్రం నమ్ముతారు. పోలినాయుడు చాలాసేపు గెడ్డం నిమురుకున్నాడు. "గవర్నమెంటోళ్ళు సీలేసి మరీ రాసినారు. నేను మా అక్కకి ఏటని సెప్పాల? ఆషాఢం ఎల్లేలోగా ఆ పచ్చకార్డు తెచ్చుకో బాబూ. లేకపోతే ఇంకో సంబంధం సూసుకుంటాం" అని సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అప్పలసూరికి ఆవకాయ సహించలేదు. అంటే ఎంత బాధపడ్డాడో ఊహించుకోవచ్చు.

పచ్చకార్డు కావాలంటే పునఃపరిశీలనకి దరఖాస్తు చేసుకోవాలి. క్యాంటీనులో పచ్చ కౌంటరని కొత్తగా పెట్టారు. ఉప్పు, కారం, నూనె, పోపు, చింతపండు లేకుండా ఆవిరి మీద ఉడికించిన కూరలుంటాయి అక్కడ. దరఖాస్తుదారు ఉపసంఘం ఎదుట ఆ భోజనం పూర్తిగా, ఆనందంగా తినాలి. ఆనందంగా అన్న మాట కింద గీత గీశారు.

అప్పలసూరి కూర్చున్నాడు. ఎదురుగా ఆవిరి సొరకాయ. అందులో ఉప్పు లేకపోవడమొక్కటే కాదు, ఆ సొరకాయ ముదిరిందనీ, కోసి చాలాసేపయిందనీ, గంజి వార్చిన గిన్నె కడక్కుండా అందులోనే ఉడికించారనీ మొదటి ముద్దకే తెలిసిపోయింది. పుణ్యవతిని తలుచుకుని మింగాడు. రెండో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడో ముద్దకి చెయ్యి వణికింది.

"కళ్ళల్లో నీరు, చేతి వణుకు, ముఖంలో చికాకు" అని ప్రసాద్ గారు చెబుతూంటే సన్యాసిరావు రాసుకున్నాడు. "ఇవన్నియూ సిగరెట్టు అందనప్పుడు కలిగే లక్షణములు. పాపం, ఆయన చాలా కష్టపడుచున్నారు. మండపంలో ఆయన విరామ సమయాన్ని అరగంటకి పెంచవలసినదిగా తీర్మానించడమైనది."

పక్క బల్లమీద సన్యాసిరావు తన సొరకాయని ఒక్క ఊపున ఊదేసి, మారు అడిగాడు.

అదే నెలలో మండలి ఉత్తమ అధూమపాయి అవార్డు ప్రకటించింది. అది అటెండరు అసిరమ్మకి వచ్చింది. అసిరమ్మది సముద్రం ఒడ్డున పల్లె. అరవై దగ్గరపడింది. పని ఎక్కువ, మాట తక్కువ. ఎప్పుడూ పెదాలు బిగించుకుని ఉంటుంది. పచ్చ కౌంటరులో ఏం పెట్టినా కాదనకుండా, వంక పెట్టకుండా తినేది. నూటికి నూరు మార్కులొచ్చాయి.

శాలువా కప్పి, పళ్ళబుట్ట ఇచ్చి, నాలుగు మాటలు చెప్పమన్నారు. అసిరమ్మ తటపటాయించింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో సర్దుకుంది. తరవాత, "అందరికీ దండాలు" అని నోరు తెరిచింది. ఆ దండాలతోపాటు నోట్లోంచి తెల్లగా, చిక్కగా పొగ వచ్చింది.

సభలో గుసగుసలు బయల్దేరాయి. ప్రసాద్ గారు చెయ్యెత్తారు.

"ఆందోళన వలదు. అది ఆవిరి" అన్నారు. "ఆవిరి మీద ఉడికిన ఆహారము తినువారికి ఆవిరియే వచ్చును. పథకము శరీరానికి పట్టినదనుటకు ఇది నిదర్శనము."

ఫొటో కూడా తీశారు.

మర్నాడు అప్పలసూరి మండపంలో నిలబడి ఉంటే, అసిరమ్మ చీపురు పట్టుకుని తుడవడానికొచ్చింది. చుట్టూ చూసి, నోట్లోంచి పొట్టి చుట్టముక్క బయటికి తీసింది. నిప్పున్న కొస లోపలే ఉంది ఇంతసేపూ.

"అడ్డపొగ బాబూ" అంది. "మా సముద్రం పక్క ఆడోళ్ళం ఇలగే కాలుస్తాం. గాలికి ఆరిపోదు, ఎవులికీ కనబడదు. సిన్నప్పట్నించీ అలవాటు."

"మరి ఆ సొరకాయ ఎలా తింటున్నావే?"

"నాకేటి తెలుస్తాది బాబూ. అంగిలి కాలి కాలి కాయ కాసీసింది. ఉప్పో పంచదారో తెలిసి ఎన్నాళ్ళయిందో. మెత్తగున్నాది, దిగిపోతాది. అంతే." చీపురు పక్కకి చేరేసింది. "మొన్న మా మనవరాలు పాయసం వండి ఎట్టింది. తియ్యగున్నాదా మామ్మా అంది. ఉన్నాదమ్మా అన్నాను. ఏటనాల మరి."

ఆ మాటకి అప్పలసూరి మనసు చివుక్కుమంది. అక్కడితో ఆగి, ఇంకొంచెంసేపు ఆ పాయసం సంగతే ఆలోచించి ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదు. కానీ ఆషాఢం నడుస్తోంది. పెళ్ళి పీటల మీదికి వచ్చిన మనిషి బుర్ర తిన్నగా ఉండదు. ప్రసాద్ గారి అగరొత్తుల వెనక వాసన, సన్యాసిరావు మారు వడ్డన, అసిరమ్మ అంగిలి, మూడూ ఒక్కసారి కలిసి అతని బుర్రలో దీపం వెలిగింది. పొగతాగేవాళ్ళే ఆ కూర తినగలరు. తినగలిగినవాళ్ళే అధూమపాయులు. కనక అధూమపాయి కావాలంటే ఏం చెయ్యాలి?

వెనకనుంచి చదవడం అతనికీ పట్టుబడింది.

సాయంత్రం మెట్ల కింద సన్యాసిరావు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "ఒకటి ఇస్తావా" అన్నాడు. సన్యాసిరావు ఆనందంతో వెలిగించి మరీ ఇచ్చాడు. మొదటిదానికి దగ్గొచ్చి, కళ్ళు తిరిగి, మెట్టు మీద కూలబడ్డాడు. వాంతి ఒక్కటే తక్కువ. అయినా పుణ్యవతి కోసం అనుకుని రెండోది పీల్చాడు. పిల్ల కోసం మనిషి ఏమైనా చేస్తాడు గాని, పిల్ల వద్దన్నదే పిల్ల కోసం చేసినవాడు మాత్రం ఇతనొక్కడే అయుంటాడు.

అలవాటయిపోయింది. కొద్దిరోజులకి ఆవకాయలో ఆవ ఘాటు దూరమైంది. తరవాత ఊరమిరపకాయ ఉత్త మిరపకాయైంది. ఒకరోజు టీలో పంచదార వేశాడో లేదో గుర్తులేక తాగి చూశాడు. తాగినా తెలియలేదు. ఆ క్షణాన గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. ఇంకేముంది, సిద్ధమయ్యానని సర్ది చెప్పుకుని దరఖాస్తు పెట్టాడు.

ఉపసంఘం ఎదుట ఆవిరి పొట్లకాయ తిన్నాడు. కంట నీరు రాలేదు. చెయ్యి వణకలేదు. మెత్తగా ఉంది, దిగిపోయింది. మారు కూడా అడిగాడు.

ప్రసాద్ గారు లేచి కౌగిలించుకున్నారు. "మనిషి తలుచుకుంటే ఎంతటి వ్యసనమునైనా జయించవచ్చును" అన్నారు, కొంచెం దగ్గి. పచ్చకార్డుతోపాటు, తీవ్ర శ్రేణి నుంచి విముక్తుడైనందుకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆ సంతోషానికి అందరూ మెట్ల కిందికి వెళ్ళి తలో సిగరెట్టు కాల్చారు.

శ్రావణం మొదట్లో అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోట్లో యాలకులు వేసుకుని, సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని పుణ్యవతి వాళ్ళింటికి వెళ్ళాడు. పోలినాయుడు ఫ్రేముని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సీలు ఉన్నాది అక్కా. ఇంకేటి బెంగలేదు" అన్నాడు. తవిటమ్మ ఫ్రేముని దేవుడి పటాల పక్కన పెట్టింది.

అతను దగ్గరగా వచ్చినప్పుడు పుణ్యవతి ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది. లోపలికి వెళ్ళి, తనే వండి పళ్ళెం తెచ్చింది. అదే వంకాయ, ఎండురొయ్యల కూర.

అప్పలసూరి ముద్ద పెట్టుకున్నాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళ వెనక ఏమీ లేదు. మెత్తగా ఏదో ఉంది. అందరూ చెప్పేదే అతనూ చెప్పాడు.

"అద్భుతం అండి. అన్నీ సమంగా సరిపోయాయి."

వంటింటి గుమ్మంలో తవిటమ్మ ముఖం మారిపోయింది. ఆవిడ భర్త నోట ఆ మాట ఆ గొంతుతో చాలా ఏళ్ళు వింది.

"ఉప్పు వెయ్యలేదండి" అంది పుణ్యవతి. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం నిండాయి. "చింతపండూ వెయ్యలేదు."

అప్పలసూరి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎర్రకార్డు, మండపం, సొరకాయ, మెట్ల కింద, అంతా. చెబుతూంటే అతనికే సిగ్గేసింది. పోలినాయుడికి సగమే అర్థమై, "అయితే తాగనప్పుడు తాగినట్టూ, తాగినప్పుడు తాగనట్టూ రాసినారా" అని పదేపదే అడిగాడు.

"ఆ కార్డు కోసం ఇదంతా చేశారా?" అంది పుణ్యవతి.

"మీకోసం అండి."

"నేను కార్డు అడగలేదు. మూకుడు మాడిందని చెప్పగలిగే మనిషి దొరికాడని మా అమ్మకి చెప్పుకుని మురిసిపోయాను. ఆయన్ని తీసుకురండి. ఎన్నాళ్ళయినా పరవాలేదు." లేచి, దేవుడి పటాల పక్కనుంచి ఫ్రేము తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది మాత్రం మా ఇంట్లో వద్దండి."

బస్సులో వస్తూ అప్పలసూరి జేబులో ఉన్న పెట్టె తీసి వంతెన మీంచి నాగావళిలోకి విసిరేశాడు. విసిరెయ్యడం తేలికే. మర్నాటినుంచి అసలు బాధ మొదలైంది. తల పగిలిపోయేది. ఊరికే కోపం వచ్చేది. మెట్ల కిందనుంచి పొగ తేలివస్తే కాళ్ళు వాటంతటవే అటు కదిలేవి. పారిపోవడానికి ఆఫీసులో మిగిలిన చోటు ఒకటే. ధూమవిరామ మండపం. అక్కడికి తాగేవాడెవడూ రాడు కదా. పచ్చకార్డువాడు అక్కడ నిలబడకూడదని రెండు మెమోలు వచ్చినా లెక్కచెయ్యకుండా, పదకొండింటికి వెళ్ళి పళ్ళు బిగించుకుని నిలబడేవాడు.

"మానీసినారేటి బాబూ" అంది అసిరమ్మ ఓరోజు.

"మానేశానే."

"మంచిపని సేసినారు. నాకింక అవ్వదు గాని." చీపురు తిప్పుతూ తిప్పుతూ, "మా మనవరాలి పాయసం ఓ గిన్నెడు తెస్తాను. తిని ఎలగున్నాదో సెప్తారా? దానికి సెప్పాల" అంది.

తెచ్చింది. అప్పలసూరికి మొదట తీపి ఒక్కటే తెలిసింది. రెండోసారి తెచ్చినప్పుడు, "జీడిపప్పు నేతిలో కాదు, నూనెలో వేయించింది" అన్నాడు. అసిరమ్మ ముఖం చాటంతయింది.

దసరాలు వెళ్ళాక పచ్చకార్డుల పునఃపరిశీలన జరిగింది. ఆవిరి బూడిదగుమ్మడి. అప్పలసూరి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏం కాయ సార్ ఇది" అన్నాడు, ఆనందం పట్టలేక. "ముదురు. ఉప్పు లేదు. నిన్నటి నీళ్ళలో ఉడికింది. కిరసనాయిలు ముట్టుకున్న చేత్తో తరిగారు. ఇది మనిషన్నవాడు తినేది కాదు."

కళ్ళల్లో నీళ్ళు. చెయ్యి వణికింది. సన్యాసిరావు అన్నీ రాసుకున్నాడు. ప్రసాద్ గారు తల పట్టుకున్నారు.

"పునఃపతనము" అన్నారు బాధగా. "ఎంతో శ్రమించి బాగుచేసిన మనిషి. మళ్ళీ మొదలుపెట్టియున్నారు."

అప్పలసూరి ఆ కొత్త ఎర్రకార్డు మెడలో వేసుకుని, దాన్ని తియ్యకుండానే బస్సెక్కి పుణ్యవతి వాళ్ళింటికి వెళ్ళాడు. యాలకులు వేసుకోలేదు. తలుపు తీసిన పోలినాయుడు కార్డు చదివి గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "ధూమపాయి, అతి తీవ్ర శ్రేణి, తిరగబెట్టిన కేసు" అని పైకి చదివాడు. "బాబూ, ఇదేటి తీసుకొచ్చినావు మా ఇంటికి?"

పుణ్యవతి వచ్చి కార్డు చూసింది. ఆమె ముఖంలోకి నెమ్మదిగా నవ్వొచ్చింది.

"లోపలికి రానీ మావయ్యా" అంది. "అమ్మా, పళ్ళెం పెట్టు."

తవిటమ్మ తనే వడ్డించింది. వడ్డించి పక్కకి తప్పుకోకుండా అతని ఎదురుగానే కూర్చుంది. అప్పలసూరి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మూకుడు మళ్ళీ మాడిందండి" అన్నాడు. "ఈసారి బెల్లం కూడా వెయ్యలేదు."

"మాడలేదు, మాడ్చాను" అంది పుణ్యవతి. "మీ ఆఫీసులో పునఃపరిశీలన ఈ వారమని మీరు కబురు పెట్టినప్పట్నించీ రోజూ మాడుస్తున్నాను. మా మావయ్య ఆ కూరే తింటున్నాడు, పాపం."

తవిటమ్మ అతని పళ్ళెం తన ముందుకి తీసుకుని, చిన్న బెల్లమ్ముక్క చిదిపి కూరలో కలిపి, మళ్ళీ అతని ముందుకి జరిపింది. భర్త నాలుక పోయాక ఎవర్నీ అడగని మాట, ఆ ఇంట్లో చాలా ఏళ్ళకి అడిగింది.

"ఇప్పుడెలగున్నాది బాబూ?"